అనగనగా అమెరికాలో: చివరికి నూడుల్స్ మాక్స్‌ను క్షమించాడా, శిక్షించాడా?

నేలటికెట్టు:

సభ్యులందరికీ నమస్కారం. సెర్జియో లియోనె 1984లో తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా’ను ఏళ్ళ తరబడి వాయిదా వేస్తూ వచ్చి, చివరికి గత వారం మూడు రాత్రులు కూర్చుని పూర్తి చేశాను. నేను చూసినది 229 నిమిషాల ప్రతి. సినిమా చూడనివారు ఇక్కడే ఆగిపోవడం మంచిది, ఎందుకంటే నా సందేహమంతా ఆఖరి ఘట్టం గురించే.

చూసి చాలాకాలమైనవారి కోసం కథను క్లుప్తంగా చెబుతాను. న్యూయార్క్ నగరంలోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో పేద యూదు కుటుంబాల పిల్లలు కొందరు చిల్లర దొంగతనాలతో మొదలుపెట్టి, మద్యనిషేధ కాలంలో దొంగసారా వ్యాపారంతో ఎదుగుతారు. నూడుల్స్ (రాబర్ట్ డి నీరో), మాక్స్ (జేమ్స్ వుడ్స్) ప్రాణమిత్రులు. 1933లో మద్యనిషేధం ముగిసే వేళకు మాక్స్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకును కొల్లగొడదామని పట్టుబడతాడు. అది చావును పిలిచి తెచ్చుకోవడమేనని తెలిసిన నూడుల్స్, స్నేహితుణ్ణి కొన్నాళ్ళు జైలులో పెట్టించి అయినా బతికించుకోవాలని, ఆ రాత్రి జరగబోయే సారా రవాణా గురించి పోలీసులకు తానే ఫోన్ చేసి చెబుతాడు. తెల్లవారేసరికి ముగ్గురు మిత్రులూ శవాలై వర్షంలో పడి ఉంటారు. వారిలో ఒకటి గుర్తుపట్టలేనంతగా కాలిపోయిన శవం. నూడుల్స్ ఆ పాపభారాన్ని మోస్తూ 35 ఏళ్ళు బఫెలో నగరంలో అజ్ఞాతంగా గడుపుతాడు. 1968లో ఒక ఉత్తరం అతణ్ణి వెనక్కి రప్పిస్తుంది. అప్పుడు తెలుస్తుంది, మాక్స్ చనిపోలేదని. పోలీసులతో కుమ్మక్కై, మిత్రులను బలిపెట్టి, ముఠా సొమ్ముతో పేరు మార్చుకుని, బెయిలీ అనే మంత్రిగా వెలుగుతున్నాడని.

ఇప్పుడు ఆ బెయిలీ మీద విచారణ ముంచుకొస్తోంది. ఎలాగూ తన్ను చంపేస్తారు కనుక, ఆ పని నీ చేత్తోనే చెయ్యమని అతడు నూడుల్స్ ముందు తుపాకి పెడతాడు. నీ జీవితాన్నీ, నీ డబ్బునూ, నువ్వు ప్రేమించిన స్త్రీనీ నేనే తీసుకున్నానని తన నోటితోనే ఒప్పుకుంటాడు. నూడుల్స్ తుపాకి ముట్టుకోడు. ఆఖరి క్షణం దాకా “మిస్టర్ బెయిలీ” అనే పిలుస్తాడు. తన దగ్గరా ఒక కథ ఉందనీ, చాలాకాలం క్రితం ఒక మిత్రుణ్ణి కాపాడబోయి చంపుకున్నాననీ మాత్రం చెప్పి వెళ్ళిపోతాడు. ఇది క్షమ అని మా తమ్ముడు వాదిస్తున్నాడు. ఇంతకంటే క్రూరమైన శిక్ష లేదని నాకు అనిపించింది. మీరేమంటారు?

సెకండ్‌షో:

నేలటికెట్టు గారూ, ఈ సినిమాను నేను చాలా ఏళ్ళ క్రితం వీడియో క్యాసెట్టు మీద చూశాను. మీ ప్రశ్నకు సమాధానం సినిమాలోనే స్పష్టంగా ఉంది కదా. నూడుల్స్ తుపాకి ముట్టుకోకుండా బయటికి నడుస్తాడు, వెనుక గదిలో తుపాకి పేలిన శబ్దం వినిపిస్తుంది. బెయిలీ తనను తానే కాల్చుకున్నాడు. క్షమ దొరకనివాడికి మిగిలే దారి అదే. ఇందులో చర్చించడానికి పెద్దగా ఏముందో నాకు అర్థం కావడం లేదు.

మరొక మాట. కథ చిన్నతనం నుంచి వృద్ధాప్యం దాకా వరుసగా, తిన్నగా సాగిపోతుంది. మంచి చిత్రమే, కానీ ఇంతమంది ఇంతగా మెచ్చుకోవడం కొంచెం అతిగానే తోచింది.

నేలటికెట్టు:

తుపాకి శబ్దమా? నేను చూసినదానిలో అటువంటిది లేదే! నూడుల్స్ బయటికి వస్తాడు, రోడ్డు మీద ఒక చెత్త లారీ ఆగి ఉంటుంది, గేటు దగ్గర ఒక మనిషి కనిపిస్తాడు, లారీ కదిలి ముందుకు పోయేసరికి ఆ మనిషి ఉండడు. లారీ వెనుక చెత్తను నలిపే మర తిరుగుతూ ఉంటుంది. అంతే. పైగా కథ వరుసగా సాగడం ఏమిటి? మొదటి అరగంటలోనే 1933 నుంచి 1968కి, అక్కడినుంచి బాల్యానికి ఎన్నిసార్లు వెళ్ళి వస్తుందో లెక్కపెట్టడమే కష్టమయింది.

రీలుపెట్టె:

మీ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మీరు చూసినవి రెండు వేర్వేరు సినిమాలు.

నేను గోదావరి జిల్లాలో ఒక థియేటరులో పద్దెనిమిదేళ్ళు ఆపరేటరుగా పనిచేసినవాణ్ణి కనుక ఈ విషయంలో కొంచెం విపులంగా రాస్తాను, విసుగు లేనివారు చదవండి. లియోనె మనసులో ఉన్న నిడివి 269 నిమిషాలు. నిర్మాతల ఒత్తిడితో అది 229 నిమిషాలకు దిగింది. 1984 మే నెలలో కాన్ (కేన్స్) చిత్రోత్సవంలో పోటీకి వెలుపల ప్రదర్శించినది ఆ ప్రతినే. ఐరోపా అంతా దాన్నే చూసింది. అమెరికాలో పంపిణీ చేసిన సంస్థకు అదీ ఎక్కువే అనిపించింది. దర్శకుడి ప్రమేయం లేకుండా 139 నిమిషాలకు కోసి, ముందువెనుకలుగా ఉన్న కాలాలను విడదీసి, బాల్యం, యౌవనం, వృద్ధాప్యం అంటూ వరుసగా పేర్చి 1984 జూన్‌లో విడుదల చేశారు. చెత్త లారీ పోయింది, దాని స్థానంలో తెర వెనుక తుపాకి మోత వచ్చింది. సెకండ్‌షో గారు చూసిన క్యాసెట్టు ఆ ప్రతిదే అయి ఉంటుంది. 2012లో కొన్ని దృశ్యాలను వెతికి చేర్చి 251 నిమిషాల ప్రతిని మళ్ళీ కాన్‌లోనే చూపించారు. శ్మశానవాటిక నిర్వాహకురాలిగా లూయీస్ ఫ్లెచర్ నటించిన సన్నివేశం అందులోనే బయటపడింది.

మా థియేటరులోనూ ఇటువంటి పాపం చేసినవాళ్ళమే. రెండో ఆట ముగిసేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని యజమాని గోల పెడితే, కొంచెం సాగినట్టున్న పాటనో, హాస్య సన్నివేశాన్నో తీసి, రెండు కొసలనూ ఫిల్ము అతికించే సిమెంటుతో అతికించి నడిపేసేవాళ్ళం. కోసిన ముక్కలు ఆపరేటరు గదిలో ఒక బిస్కెట్టు డబ్బాలో ఉండేవి. బాక్సు తిరిగి పంపేటప్పుడు వాటిని యథాస్థానంలో అతికించాలి. ఒకసారి నేను పాట ముక్కను కథానాయిక చనిపోయిన తరువాతి రీలులో అతికించాను. పక్క ఊరి థియేటరులో ఆమె చనిపోయి కూడా వర్షంలో పాట పాడిందట. నవ్వుకున్నాం కానీ, కత్తెర ఒక్కచోట పడితే కథ అర్థమే తిరగబడుతుందని నాకు ఆనాడే తెలిసింది.

చిత్తుప్రతి:

రీలుపెట్టె గారి వివరణకు ధన్యవాదాలు. చర్చ ఎలాగూ మొదలైంది కనుక నా పాత ప్రశ్నను ఇక్కడ ఉంచుతాను. దీన్ని ఇటాలియన్ చిత్రంగా పరిగణించాలా, అమెరికన్ చిత్రంగానా? కథ న్యూయార్క్‌లో జరుగుతుంది, పాత్రలు అమెరికన్ యూదులు, భాష ఇంగ్లీషు, మూలం హ్యారీ గ్రే 1952లో రాసిన నవల. కానీ దర్శకుడు, సంగీతకర్త ఎన్నియో మొరికోనె, ఛాయాగ్రాహకుడు తొనీనో దెల్లి కొల్లి, దుస్తులు రూపొందించిన గాబ్రియెల్లా పెస్కూచి, స్క్రీన్‌ప్లే రాసిన ఆరుగురు, అందరూ ఇటలీవారే. చాలా భాగం రోమ్‌లోని చినెచిత్తా స్టూడియోలో తీశారు. నూడుల్స్ తాను ప్రేమించిన డెబోరా కోసం సముద్రతీరాన మొత్తం హోటలునే అద్దెకు తీసుకునే సన్నివేశం వెనిస్ లీడోలోని ఎక్సెల్సియర్ హోటలులో, న్యూయార్క్ రైల్వే స్టేషనుగా కనిపించే చోటు పారిస్‌లోని గార్ దు నోర్‌లో తీశారు.

నా మట్టుకు ఇది ఇటలీవాడు కన్న అమెరికా కల. ఇటాలియన్ భాషలో ఈ సినిమా పేరు ‘చెరా ఉనా వోల్తా ఇన్ అమెరికా’. ‘చెరా ఉనా వోల్తా’ అంటే మన ‘అనగనగా’. పిల్లలకు కథ చెప్పబోయే ముందు అమ్మమ్మలు అనే మాట. పేరులోనే దర్శకుడు చెప్పేశాడు, ఇది చరిత్ర కాదు, కథ అని.

హడ్సన్‌తీరం:

నేను పదకొండేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. పోస్టరు మీద కనిపించే ఆ వంతెన దృశ్యం చినెచిత్తాది కాదండీ, అసలైన చోటే. బ్రూక్లిన్‌లో వాషింగ్టన్ వీధిలో నిలబడితే రెండువైపులా ఎర్ర ఇటుకల భవనాల నడుమ మాన్‌హటన్ వంతెన నిలువెత్తున కనిపిస్తుంది. పిల్లల ముఠాలోని చిన్నారి డొమినిక్ అందరికంటే ముందు గెంతుతూ పోయే వీధి అదే. ఇప్పుడు అక్కడ శని, ఆదివారాల్లో కాలు పెట్టడానికి చోటుండదు. పెళ్ళి దుస్తుల్లో జంటలు ఫోటోల కోసం వరుసలో నిలబడి ఉంటారు. మా అమ్మానాన్నలను తీసుకుని వెళ్ళినప్పుడు నేను ఆ పిల్లవాడి గురించి చెప్పబోయాను, మా నాన్నగారు మాత్రం వంతెన మీద రైలు పోవడం చూసి మురిసిపోయారు.

ప్రశ్న విషయానికి వస్తే, డొమినిక్ చావు దగ్గరే నాకు సమాధానం దొరికింది. వాణ్ణి శత్రువైన బగ్సీ కాల్చేస్తాడు. ప్రాణం పోతూ వాడు నూడుల్స్‌తో అన్న మాట, తాను జారిపడ్డానని. అంతే. తుపాకి దెబ్బ తగిలిందని కాదు, శత్రువు కాల్చాడని కాదు, పరుగులో కాలు జారి ముఠాకు ఇబ్బంది కలిగించానన్నట్టుగా సంజాయిషీ చెప్పుకుంటున్నాడు ఆ పసివాడు. ఆ కోపంలో నూడుల్స్ బగ్సీనీ, అడ్డొచ్చిన పోలీసునూ పొడిచి జైలుకు పోతాడు. పిల్లవాడి చావుకు అంతగా రగిలిపోయిన మనిషి, ఇద్దరు స్నేహితుల చావుకు కారణమైన మాక్స్ ఎదుట వేలు కూడా కదపలేదంటే, అతనిలో అప్పటికి పగ తీర్చుకునే మనిషే మిగల్లేదన్నమాట. అందుకే ఇది క్షమా కాదు, శిక్షా కాదు, అలసట.

కొత్తచూపు:

పెద్దలు నన్ను మన్నించాలి. నాకు ఇరవై రెండేళ్ళు, సినిమా చాలా నెమ్మదిగా సాగిందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నూడుల్స్ కాఫీలో చక్కెర కలిపే దృశ్యంలో చెంచా శబ్దం ఎంతసేపు వినిపించిందో! మొదట్లో ఫోను మోగుతూనే ఉంటే, నా ఇంట్లో ఎవరిదో ఫోను మోగుతోందనుకుని రెండుసార్లు లేచాను. గంటన్నర దాటాక మానేద్దామనుకున్నాను.

మానకపోవడానికి కారణం ప్యాట్సీ. ముఠాలోని పిల్లల్లో ఒకడైన చిన్న ప్యాట్సీ ఒక అమ్మాయి పొందు కోసం, ఆమెకు ఇష్టమైన క్రీము కేకు కొని, కాగితంలో చుట్టించుకుని, ఆమె ఇంటి మెట్ల మీద ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ముందు కాగితానికి అంటిన క్రీమును వేలితో నాకుతాడు. మళ్ళీ కట్టేస్తాడు. మళ్ళీ విప్పి, పైనున్న చెర్రీ పండు తింటాడు. ఆ తరువాత ఇంకొంచెం. చివరికి కేకు అంతా అయిపోతుంది, అమ్మాయి తలుపు తీసేసరికి తరువాత వస్తానని గొణిగి జారుకుంటాడు. మాటలు లేవు, సంగీతం మాత్రం ఉంది. మగవాణ్ణి అనిపించుకోవాలని వచ్చిన పిల్లవాడు పిల్లవాడిగానే తిరిగివెళ్ళాడు. ఈ ఒక్క దృశ్యం కోసం మిగతా సినిమా సాగదీతను భరించాను. ముఠాల చిత్రాలలో సాధారణంగా ఇటువంటివి ఉండవు కదా.

మంద్రస్థాయి:

కొత్తచూపు గారూ, మీరు లేచి చూసిన ఆ ఫోను గంటను నేను సినిమా మొత్తంలో ఉత్తమ సంగీతంగా భావిస్తాను. నేను వయొలిన్ వాయించేవాణ్ణి కనుక కొంత పక్షపాతం ఉండవచ్చు.

ఆ గంట నల్లమందు గదిలో పడుకున్న నూడుల్స్ చెవిలో మొదలవుతుంది. దీపం, వర్షంలో శవాలు, మద్యనిషేధానికి అంత్యక్రియలన్నట్టు శవపేటిక ఆకారంలో చేసిన కేకుతో జరుగుతున్న విందు, అన్నీ దాటుకుంటూ ఇరవైసార్లకు పైగా మోగుతుంది. ఎవరో ఒకరు ఫోను ఎత్తినా గంట ఆగదు. చిట్టచివరకు నూడుల్స్ చేయి ఒక పోలీసు అధికారికి ఫోను చేస్తున్నట్టు కనిపిస్తుంది, అవతలివైపు ఎత్తుతారు, అప్పుడు ఆగుతుంది. అది ఫోను శబ్దమే కాదు, అతని అంతరాత్మ మోత. మొరికోనె ప్రధాన బాణీలను చిత్రీకరణకు ముందే కూర్చిపెట్టాడు, లియోనె సెట్లో వాటిని వినిపిస్తూ నటులచేత నటింపజేశాడు. అందుకే పాత్రల నడక, తల తిప్పడం, కన్ను ఎత్తడం కూడా లయలో ఉన్నట్టు ఉంటాయి. ముఠాలోని కాక్‌ఐ వాయించే పిల్లనగ్రోవుల వరుస రొమేనియా విద్వాంసుడు గోర్గె జంఫీర్‌ది. బ్రిటిష్ అకాడమీ ఈ చిత్రానికి సంగీతం, దుస్తులు విభాగాలలో రెండు బహుమతులిచ్చింది. ఆస్కార్‌కు మాత్రం ఒక్క నామినేషను కూడా రాలేదు. కోసేసిన ప్రతిని చూసినవారు ఏం ఇస్తారు లెండి.

క్షమ, శిక్ష అనే విషయం నాకు తెలియదు. ఆఖరి సంభాషణ జరిగే గదిలో సంగీతం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో ఒకసారి గమనించి చూడండి.

అలకనంద:

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మిత్రులు, స్నేహం, పాపభారం, అలసట అంటూ ఎనిమిది వ్యాఖ్యలు గడిచాయి. డెబోరా పేరు ఒక్కసారి వచ్చింది, అదీ హోటలు ఎక్కడ ఉందో చెప్పడానికి.

నూడుల్స్ ఆమె కోసం హోటలు మొత్తం అద్దెకు తీసుకుంటాడు. ఆమె మరునాడు హాలీవుడ్‌కు వెళ్ళిపోతున్నానని చెబుతుంది. తిరుగు ప్రయాణంలో, కారు వెనుక సీటులో అతడు ఆమెను చెరుస్తాడు. ఆ దృశ్యం ఎంతసేపు సాగుతుందో, ఎంత భరించరానిదిగా ఉంటుందో చూసినవారికి తెలుసు. అంతకుముందు వజ్రాల దోపిడీలో కేరల్ అనే స్త్రీ మీద జరిగిన అత్యాచారాన్ని మాత్రం సినిమా దాదాపు వేళాకోళంగా చూపిస్తుంది, ఆమె తరువాత ముఠాతోనే తిరుగుతుంది. ఈ రెండోదాన్ని నేను ఎన్నడూ సమర్థించలేను. అది దర్శకుడి తప్పు, పాత్ర తప్పు కాదు.

అయితే కారు దృశ్యంలో ఒక చిన్న వివరం ఉంది. డ్రైవరు కారు ఆపేస్తాడు. నూడుల్స్ బయటికి దిగి, ఆమెను ఇంటికి చేర్చమని చెబుతూ డబ్బు ఇవ్వబోతే, ఆ డ్రైవరు తీసుకోడు. కారు ఎక్కి ఆమెను తీసుకుని వెళ్ళిపోతాడు, నూడుల్స్ రోడ్డు మీద ఒక్కడే నిలబడతాడు. సినిమా మొత్తంలో నూడుల్స్‌కు తీర్పు చెప్పినది ఆ డ్రైవరు ఒక్కడే. మంత్రులు, పోలీసులు, కార్మిక సంఘాల నాయకులు, అందరూ వీళ్ళ డబ్బు తిన్నవాళ్ళే. ఆ జీతగాడు మాత్రం తీసుకోలేదు.

కనుక ఆఖరి గదిలో క్షమించే హక్కు నూడుల్స్‌కు ఉందా అని నా ప్రశ్న. నువ్వు ప్రేమించిన స్త్రీని తీసుకున్నానని మాక్స్ అంటాడు. ఆమె ఏమైనా లాకరులో దాచిన పెట్టెనా, ఒకడి నుంచి మరొకడు తీసుకోవడానికి?

నేలటికెట్టు:

అలకనంద గారూ, మీ మాటకు నా దగ్గర సమాధానం లేదు. నిజానికి ఆ దృశ్యాన్ని నేను ముందుకు జరిపి చూశాను, అందువల్ల ఆ డ్రైవరు గురించి నాకు తెలియలేదు. ఇందాక వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశాను. మీరు చెప్పినట్టే ఉంది.

సెకండ్‌షో:

నేను ఏళ్ళ తరబడి వేరే సినిమాను చూసి, దాన్నే పదిమందికీ వర్ణించానన్నమాట! పెద్ద ప్రతిని సంపాదించి చూస్తాను. అప్పటిదాకా ఒక మాట. మన కర్ణుడు దుర్యోధనుణ్ణి చివరిదాకా వదల్లేదు, అధర్మమని తెలిసినా. స్నేహం అంటే అది. పోలీసులకు ఫోను చేసిన నూడుల్స్‌ను మిత్రుడని ఎలా అంటాం?

హడ్సన్‌తీరం:

కర్ణుడు వదల్లేదు, నిజమే. ఫలితంగా ఇద్దరూ పోయారు, పద్దెనిమిది అక్షౌహిణులూ పోయాయి. కర్ణుడు ఒక్కసారి విదురుడికి ఫోను చేసి ఉంటే బాగుండేదని అనుకునేవాళ్ళలో నేనొకణ్ణి.

చిత్తుప్రతి:

నవ్వు ఆపుకోలేకపోయాను కానీ, విషయానికి వద్దాం. ఈ చర్చలో ఇంతవరకూ ఎవరూ ఎత్తనిది నల్లమందు సంగతి. సినిమా నల్లమందు గదితో దాదాపుగా మొదలై, అక్కడే ముగుస్తుంది. 1933లో మిత్రులు చనిపోయిన తరువాత నూడుల్స్ ఆ గదికి వచ్చి, గొట్టం పీల్చి, వెల్లకిలా పడుకుని, పైనుంచి చూస్తున్న కెమెరాను చూసి నోరంతా తెరిచి నవ్వుతాడు. ఆ నవ్వు మీదే సినిమా ఆగిపోతుంది. మిత్రులు చచ్చిన రాత్రి ఎవడైనా అలా నవ్వుతాడా? కొందరు విమర్శకుల అభిప్రాయంలో 1968 అంతా ఆ మత్తులో కన్న కల. మాక్స్ చావలేదు, తాను ద్రోహి కాడు, ద్రోహం తనకే జరిగింది, పైగా తాను పగ తీర్చుకోనంత గొప్పవాడు. నేరం చేసినవాడికి ఇంతకంటే హాయైన కల ఉంటుందా? ఆ అన్వయాన్ని లియోనె కొట్టిపారేయలేదు.

ఇందుకు ఇంకొక ఆధారం చెబుతాను, ఎవరికైనా చాదస్తంగా తోస్తే క్షమించండి. సినిమా మొదట్లో 1933లో ‘గాడ్ బ్లెస్ అమెరికా’ పాట వినిపిస్తుంది. గాయని కేట్ స్మిత్ ఆ పాటను మొట్టమొదట రేడియోలో పాడినది 1938లో. ఆఖరున, 1968లో చెత్త లారీ వెళ్ళిపోయిన వెంటనే, పాతకాలపు కార్లలో పాతకాలపు దుస్తులు వేసుకున్నవాళ్ళు కేరింతలు కొడుతూ పోతుంటే, మళ్ళీ అదే పాట వినిపిస్తుంది. కాలాలు ఇలా కలగాపులగం కావడం కలలోనే సాధ్యం.

రీలుపెట్టె:

చిత్తుప్రతి గారి లెక్కకు ఒక చిక్కు ఉంది. 1968 అంతా 1933నాటి మత్తు అయితే, స్టేషనులో వినిపించే బీటిల్స్ వారి ‘యెస్టర్‌డే’ బాణీ 1933లో పడుకున్నవాడి కలలోకి ఎలా వచ్చింది? టెలివిజన్ వార్తలు ఎలా వచ్చాయి? పాటల తేదీలు పట్టుకుని కలను నిరూపించబోతే, అవే తేదీలు దాన్ని కూల్చేస్తాయి.

నేను దీన్ని కల అనుకోను. నాకు పట్టుబడినది తాళంచెవి. పిల్లలుగా ఉన్నప్పుడే వాళ్ళు రాబడిలో సగం ఒక పెట్టెలో వేసి, స్టేషను లాకరులో పెట్టి, తాళంచెవిని తమ మిత్రుడు లావు మో దగ్గర దాస్తారు. మో దాన్ని తన హోటలు గడియారంలో ఉంచుతాడు. 1933లో నూడుల్స్ పెట్టె తెరిస్తే డబ్బు ఉండదు, పాత వార్తాపత్రికల కట్టలుంటాయి. ఆ తాళంచెవిని అతడు ముప్పై అయిదేళ్ళు దగ్గర ఉంచుకుని, 1968లో తిరిగివచ్చిన రాత్రి మోకు తిరిగి ఇస్తాడు. అన్నేళ్ళూ ఆగిపోయి ఉన్న గడియారం అప్పుడు మళ్ళీ నడుస్తుంది. ఇన్నేళ్ళూ ఏం చేశావని మో అడిగితే, రాత్రులు త్వరగా పడుకునేవాణ్ణని జవాబిస్తాడు. ఈ ఒక్క వాక్యంలో ఉన్న ఖాళీ చాలు, అతడు కల కనలేదనడానికి. కల కన్నవాడు తన ముప్పై అయిదేళ్ళను ఇంత చప్పగా ఊహించుకోడు.

లాకరులో రెండోసారి డబ్బు దొరుకుతుంది, తరువాతి పనికి ముందస్తు సొమ్ము అన్న చీటీతో. ఆ పని మాక్స్‌ను చంపడం. నూడుల్స్ ఆ పని ఒప్పుకోలేదు. బాకీ తీర్చుకోవడానికి వచ్చినవాడికి బాకీ ఉన్నట్టు నాకు గుర్తే లేదు అని చెప్పి పంపడం లాంటిదిది. మా వైపు వ్యాపారులు దీన్ని అవమానాలలోకెల్లా పెద్దదిగా లెక్కిస్తారు.

మంద్రస్థాయి:

రీలుపెట్టె గారూ, చివరి వాక్యం చాలా బాగుంది. ఇంకొంచెం ముందుకు వెళతాను. వెళ్ళబోతూ నూడుల్స్, విచారణలో మీకేమీ కాకూడదని కోరుకుంటున్నానని, జీవితకాలం చేసిన కృషి వృథా అయితే బాధాకరమని బెయిలీతో మర్యాదగా అంటాడు. డి నీరో ఆ మాటను ఏ వెటకారమూ లేకుండా పలికాడు. వెటకారం ఉండి ఉంటే అది ప్రతీకారమయ్యేది. అది లేదు కనుకనే మాక్స్ ముఖం అలా పాలిపోయింది.

కొత్తచూపు:

ఒక చిన్న విషయం. డెబోరా దగ్గరికి వచ్చే బెయిలీ కొడుకు పేరు డేవిడ్. నూడుల్స్ అసలు పేరూ డేవిడే. ఆ కుర్రవాడిగా వేసినది చిన్నప్పటి మాక్స్‌గా వేసిన నటుడే, రస్టీ జేకబ్స్. అంటే నూడుల్స్ తలుపు తీసి చూసేసరికి, తన పేరు పెట్టుకుని, తన మిత్రుడి చిన్నప్పటి ముఖం నిలబడి ఉంది. తన జీవితం దొంగిలించినవాడు ఆ బిడ్డకు నూడుల్స్ పేరు పెట్టుకున్నాడు! ఇది చూశాక, మాక్స్ అతణ్ణి ఎన్నడూ మరిచిపోలేదని నాకు అనిపించింది. స్నేహం అటువైపూ ఉంది.

నెమ్మదిగా ఉందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

చిత్తుప్రతి:

బీటిల్స్ విషయంలో ఓటమి అంగీకరిస్తున్నాను. లియోనె సంగతి ఒకటి చేర్చి ముగిస్తాను. కౌబాయ్ చిత్రాల ద్వారానే అతడు మనవారికి పరిచయం. 1971లో కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ రావడానికి ప్రేరణ ఆ చిత్రాలే. అదే 1971లో లియోనె చివరి కౌబాయ్ చిత్రం వచ్చింది. ఆ తరువాత 13 ఏళ్ళు దర్శకుడిగా మరో సినిమా లేదు, ఈ కథనే పట్టుకుని కూర్చున్నాడు. ‘ది గాడ్‌ఫాదర్’ అవకాశం వచ్చినా కాదన్నాడు. ఇది అతని ఆఖరి చిత్రం, 1989లో కన్నుమూశాడు. పదమూడేళ్ళు మోసిన కథను ఎవరో 139 నిమిషాలకు కోసేస్తే ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుందో రీలుపెట్టె గారికే తెలియాలి.

రీలుపెట్టె:

మేము కోసిన సినిమాల దర్శకులు ఎవరూ మా ఊరికి రాలేదు లెండి, అది మా అదృష్టం.

సెకండ్‌షో:

రెండు రాత్రులలో 229 నిమిషాలూ చూశాను. ముందుగా, ఈ చర్చలో నా మొదటి వ్యాఖ్యలోని అతి అన్న మాటను ఉపసంహరించుకుంటున్నాను. నూడుల్స్ విషయంలో కర్ణుడితో పోల్చడాన్నీ విరమించుకుంటున్నాను, ఆ కారు దృశ్యం చూశాక ఆ పోలిక నాకే ఎబ్బెట్టుగా తోచింది.

కానీ నిజం చెప్పాలంటే, నాకు ఆ పాత ప్రతిలోని తుపాకి మోతే ఇంకా చెవిలో ఉంది. అందులో ఒక విడుదల ఉంది. మాక్స్ తన శిక్ష తాను వేసుకున్నాడు, మనం నిద్రపోవచ్చు. ఇందులో ఆ వెసులుబాటు లేదు. చెత్త లారీ దృశ్యాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. మొదటిసారి, మనిషి లారీ వెనుక ఎక్కడో నక్కి ఉంటాడనుకున్నాను. రెండోసారి, దూకేశాడనుకున్నాను. మూడోసారికి నా శ్రీమతి వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసి, ఆ మనిషి ఏమయ్యాడండీ అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఇంతసేపు చూసి తెలియదంటారేమిటని కోప్పడింది.

రీలుపెట్టె:

మీ ఆవిడకు చెప్పండి, మాక్స్‌గా వేసిన జేమ్స్ వుడ్స్ కూడా ఇదే మాట అన్నారు. మాక్స్ చనిపోయాడో లేదో తనకే తెలియదట.